పేలే పిండి

చంద్రపూర్‌లో మా కిరాణా దుకాణం ముందు రోజూ ఒక గూఢచారి కూర్చునేవాడు. ఆయన గూఢచారి అని ఎవరికీ తెలియకూడదు. కానీ ఎదురుగా ఉన్న చాయ్ బండివాడు "సీఐడీ కాకాకు ఒక కట్ చాయ్" అని దుర్గాపూర్ రోడ్డు మలుపుదాకా వినపడేలా కేకేసేవాడు. ఈయన కూడా కూర్చున్న చోటి నుంచే చెయ్యెత్తి, "చక్కెర తక్కువ వెయ్యి" అనేవాడు.

నిజానికి ఆయన సీఐడీ కాదు. జిల్లా పోలీసుల్లో గోపనీయ శాఖ అని ఒకటి ఉంటుంది. మామూలు బట్టల్లో తిరుగుతూ, ఊళ్ళో ఏం జరుగుతోందో, అంతకన్నా ముఖ్యంగా ఏం జరగబోతోందో, పైవాళ్ళకు ముందుగా చెప్పడం వాళ్ళ పని. ఆయన అందులో హవల్దారు. నలభై దాటిన మనిషి, పంఢర్‌పూర్ దగ్గరి పల్లె నుంచి బదిలీ మీద ఇంత దూరం వచ్చినవాడు. ఆయన నోట్లో రహస్యం నిలిచేది కాదు. ఎక్కడికి పోతున్నావు కాకా అని అడిగితే, ఫలానావాడి మీద నిఘా పెట్టమన్నారు, అక్కడికే అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఇంత అమాయకుణ్ణి ఆ శాఖలో వేసిన అధికారి మీద ముందు నిఘా పెట్టాలని నేను అనేదాన్ని. దానికి కూడా నవ్వేవాడు.

దుకాణానికి ఆనుకుని నా టెలిఫోన్ బూత్ ఉండేది. అవి ఊరూరా పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు లేస్తున్న రోజులు. నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. వికలాంగుల కోటాలో బూత్ ఇస్తున్నారని తెలిసి, మా నాన్నను, మేం బాపు అనేవాళ్ళం, వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, గుమాస్తాలతో పోట్లాడి సాధించుకున్నాను. అది రాకముందు మా వీధికి నేను "అయ్యో పాపం" అనే పిల్లని. వచ్చాక "అక్కా, లైన్ దొరికిందా" అని బతిమాలించుకునే మనిషినయ్యాను. మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ, అద్దాల గది పక్కన ఆ కుర్చీలో కూర్చుంటే నాకు కలెక్టర్ కుర్చీలో కూర్చున్నట్టే ఉండేది. ఒక్కటే బెంగ. పోలీసులు అభ్యంతరం చెప్తే బూత్‌ను ఎప్పుడైనా మూసెయ్యొచ్చని షరతు పెట్టారు. అందుకే పోలీసు బూటు చప్పుడు వినపడితే నా గొంతు మెత్తబడేది. ఈ కాకా చెప్పులేసుకునేవాడు కాబట్టి ఆయన ముందు మాత్రం మెత్తబడలేదు.

ఒకరోజు ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాకు తెలుగు నేర్పించాలి బాయీ" అన్నాడు మరాఠీలో. వాళ్ళలో పంతులమ్మను బాయీ అంటారు.

విషయం ఏమిటంటే, వాళ్ళ సాహెబు నాగపూర్‌లో మీటింగుకు పోయివచ్చాడు. దేశం తలుపులు తెరుస్తున్నారు, కొత్త సరుకుతో పాటు కొత్త ప్రమాదాలు కూడా వస్తాయి, జరిగాక పరుగెత్తడం కాదు, రాకముందే తయారుగా ఉండాలి అని అక్కడ చెప్పారట. ఏవేవి ప్రమాదాలో కూడా చెప్పారు. టెలిఫోన్ బూత్‌లు, డిష్ యాంటెన్నాలు, తెలుగు, పేజర్లు. మా భాషను డిష్ యాంటెన్నాకూ పేజర్‌కూ మధ్యలో పెట్టారని విని నాకు ఒళ్ళు మండింది. గోండు రాజుల కాలం నుంచి ఈ నేల మీద మాట్లాడుతున్న భాష కొత్త ప్రమాదం ఎట్లా అవుతుందని నిలదీశాను. సరిహద్దు అవతల తెలుగు, ఇవతల తెలుగు, మధ్యలో గనుల్లో బండలు పేల్చే మందుగుండు ఉంది, ఫోన్లో ఎవడేం మాట్లాడుకుంటున్నాడో మాకు తెలియొద్దా అన్నాడు. నా బూత్‌లోనే కూర్చుని నేర్చుకుంటే పాఠమూ అవుతుంది, నిఘా కూడా అవుతుందని దాచకుండా చెప్పాడు.

చదువుకున్నదంతా మరాఠీ బడిలో కాబట్టి తెలుగు అక్షరాలు నాకే సరిగ్గా రావు. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదివేదాన్ని. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, మాట్లాడే తెలుగే నా తెలుగు. అదే ఆయనకు నేర్పాను. ఆయన మరాఠీ లిపిలో రాసుకుని పొద్దంతా గొణుక్కునేవాడు. కొన్నాళ్ళకు "ఆజీ, బువ్వ తిన్నవా" అని బాపమ్మను పలకరించడం మొదలుపెట్టాడు. బాపమ్మ మురిసిపోయింది. "పోలీసోడైనా నాలిక మంచిగ తిరుగుతుంది" అంది. ఆదివారం ఆదివారం ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ నుంచి కోస్తా జిల్లాల ఉద్యోగులు ఫోన్లకు వచ్చేవాళ్ళు. "ఏవండీ, బావున్నారాండీ" అని వాళ్ళు సాగదీస్తుంటే కాకా చెవి రిక్కించి విని, నా దగ్గరికి వంగి, "బాయీ, ఇది కోడ్ భాషనా" అని అడిగాడు. ఆ రోజు నవ్వి నవ్వి నేను ఇద్దరికి తప్పు నంబర్లు కలిపాను.

దీపావళప్పుడు బయట పటాకులు మోగుతుంటే "పేలు" అనే మాట చెప్పాను. పటాకి పేలింది, బాంబు పేలింది. ఆయనకు బాగా నచ్చింది, శాఖకు పనికొచ్చే మాట. మర్నాడే బాపమ్మ నా జడ విప్పుతూ "నెత్తిల పేలు పడ్డయి పోరీ" అంటే, ఆయన లేచి నిలబడ్డాడు. తలలో పురుగును కూడా పేలు అంటామని చెప్పాక గానీ కూర్చోలేదు. అట్లా ఒక మాటకు రెండు అర్థాలు చెప్పి ఊరుకున్నాను. మూడో అర్థం ఆషాఢంలో గానీ రాదు, అందుకని నాకు తోచలేదు.

కాకా గురించి ఇంకొక్కటి చెప్పాలి. వాళ్ళ తల్లి ఏటా విఠలుడి గుడికి కాలినడకన పోయే మనిషి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఏకాదశి తప్పలేదు. ఆ రోజు గింజ ముట్టడు, మహా అయితే సగ్గుబియ్యం, అరటిపండు. సాయంత్రం నా బూత్ నుంచే ఊళ్ళో పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి, తల్లిని పిలిపించి, ఉపవాసం బాగా జరిగిందని చెప్పేవాడు. చిన్నప్పుడు ఒకసారి ఏకాదశి నాడు ఎవరో ఇరుగమ్మ తెలియక ఆయన నోట్లో రొట్టెముక్క పెట్టిందట. ఆమెతో వాళ్ళ తల్లి మళ్ళీ జన్మలో మాట్లాడలేదట. ఇదంతా ఆయనే చెప్పాడు. ఆయన చెప్పని సంగతంటూ ఏముంది గనక.

ఆషాఢం వచ్చింది. మరాఠీవాళ్ళకు అది పెద్ద ఏకాదశి, ఊరు ఊరంతా ఉపవాసం. మాకు అదే రోజు తొలి ఏకాశి. మేమేమో ఆ రోజు జొన్నలను పేలాలుగా వేయించి, ఇసుర్రాయిలో విసిరి, బెల్లం కలిపి, పేలాల పిండి తింటాం. ఆ ఏడు బొగ్గు గనులున్న సాస్తిలో, గనికి పోగా మిగిలిన చెలకలో మావాళ్ళు పండించిన జొన్నలు వచ్చాయి. పండగకు రెండు రోజుల ముందు బాపమ్మ నా బూత్ నుంచి ఆసిఫాబాద్‌లో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేసింది. ఊరు దూరం కాబట్టి గట్టిగా అరవాలని బాపమ్మ నమ్మకం. అద్దాల గది తలుపు ఎన్నడూ సరిగ్గా పడదు. పక్కన స్టూలు మీద మా శిష్యుడు కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఇను బిడ్డ" అంది బాపమ్మ. "సాస్తి కెల్లి వచ్చినయి. ఈసారి మాల్ మంచిగున్నది. నిన్న కొన్ని ఏసి చూసిన, మస్తు పేలుతున్నయి. ఒక్కటన్న పేలకుంట మిగుల్తలేదు. పిండి చేసి డబ్బల పెట్టి పంపుత. ఏకాశి పొద్దుగాల నీ తమ్ముడు బస్సుల తెస్తడు. తడి తాకనియ్యకు. పొయ్యి పక్కన పెట్టకు. పిల్లగాండ్లను దగ్గరికి రానియ్యకు."

నేను ఆ మాటలు విన్నాను, లెక్కపెట్టలేదు. మన ఇంటి మాట మన చెవికి మామూలుగానే ఉంటుంది. తిరిగి చూస్తే కాకా లేడు. స్టూలు మీద సగం చాయ్ ఉంది.

సాయంత్రానికి చాయ్ బండివాడు నా దగ్గరికి వచ్చి మరాఠీలో, "మీ ఆజీ బాంబు తయారుచేస్తోందటగా" అన్నాడు. ఎవరు చెప్పారంటే, ఇంకెవరు, కాకానే, ఎవరికీ చెప్పొద్దన్నాడు అని. కాకాకు వేళాకోళం కూడా వచ్చిందే అని నవ్వాను. బాపమ్మకు చెప్తే ఆమె కూడా నవ్వింది. బాపు ఒక్కడే నవ్వలేదు. బాపుకు పోలీసు అన్న మాట వింటేనే తూకం తప్పుతుంది.

ఏకాదశి పొద్దున బాపు సంచి సర్దుకుని బస్సుకు బయల్దేరుతుంటే జీపు వచ్చి ఆగింది. ముందు సాహెబు దిగాడు, వెనక కాకా, ఆ వెనక నీళ్ళ బకెట్‌తో డ్రైవరు. కాకా నా ముఖం చూడలేదు. నేరుగా బాపమ్మ ముందుకు పోయి, నేను నేర్పిన తెలుగులో, ఒక్క తప్పు లేకుండా అడిగాడు.

"ఆజీ, పేలే పిండి ఎక్కడ ఉంది?"

పండగపూట ప్రసాదం అడుగుతున్నాడనుకుంది బాపమ్మ. "అగో, ఆ డబ్బల ఉంది బిడ్డ. నీకు గూడ తీసి పెట్టిన" అంది.

కాకా ముఖం పాలిపోయింది. సాహెబుకు మరాఠీలో తర్జుమా చేసి చెప్పాడు, ఒప్పుకుంది, నాకు కూడా ఒకటి తీసిపెట్టిందట అని. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. పేలు, పేలాలు. నేను నేర్పిన మాటే నా నెత్తి మీద పేలింది. ఇది జొన్నపిండి, పండగకు తినేది అని మరాఠీలో మొత్తుకున్నాను. సాహెబు నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఆషాఢీ ఏకాదశి నాడు జొన్నపిండి ఎవరు తింటారు?" అన్నాడు.

ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమే. ఆయన ఎరిగిన లోకంలో ఆ రోజు గింజ తినే హిందువు లేడు. కాబట్టి అది తిండి కాదు. తిండి కానిది, సాస్తి నుంచి వచ్చినది, పేలేది ఇంకేమై ఉంటుంది?

నిప్పులో వేసి చూడమని సాహెబు హుకుం జారీచేశాడు. డ్రైవరు డబ్బాలోంచి గుప్పెడు తీశాడు. దగ్గరికి పోవడానికి భయమేసి, దూరం నుంచే చాయ్ బండి స్టవ్ మీదికి విసిరాడు. పేలాల పిండి ఎంత మెత్తగా ఉంటుందో తెలుసుగా. గాల్లో విచ్చుకుని మంట మీద పడి భగ్గుమంది. చాయ్ బండివాడు కెటిల్ వదిలేసి మా దుకాణంలో దూరాడు. సాహెబు జీపు వెనక్కి పోయాడు. డ్రైవరు బకెట్ నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. మైదాపిండి విసిరినా అట్లాగే మండుతుందని నేను అరుస్తున్నాను, వినేవాడు లేడు.

బాపమ్మ మాత్రం కదల్లేదు. పిండి నేల పాలైందని బాధ. "దేవుని పిండిని గిట్ల పారేస్తరా" అని గొణుక్కుంటూ, డబ్బాలోంచి ఇంత తీసి నోట్లో వేసుకుని నమిలింది. సాహెబు జీపు వెనక నుంచే చూసి, ముసలిది, చావుకు తెగించి ఉంటుంది అన్నాడు. నేను తిన్నాను. నువ్వు ఆమె మనవరాలివి, మీరిద్దరూ ఒకటే అన్నాడు. మా శాఖ మనిషి ఎవరైనా చెప్తే గానీ చెల్లదన్నాడు. అయితే మీరు రుచి చూడండి సాహెబ్ అన్నాను. నాకు ఉపవాసం అన్నాడు. డ్రైవరు వైపు చూశాడు. తనకూ ఉపవాసమే అన్నాడు డ్రైవరు. పోయిన ఏకాదశి పొద్దున జీపు ఆపుకుని అదే చాయ్ బండి పక్కన వాడు సమోసా తినడం నేను కళ్ళారా చూశాను.

సాహెబు చివరకు తేల్చేశాడు. పిండి పరీక్షకు నాగపూర్ పోతుంది. రిపోర్టు వచ్చేదాకా బూత్‌కు సీలు.

నాగపూర్ పోయిన పిండి ఎప్పుడు తిరిగొస్తుందో, ఎవరు తేవాలో, నాకు తెలుసు. ఆఫీసుల చుట్టూ కాలు ఈడ్చుకుంటూ తిరిగినదాన్ని. ఒకసారి సీలు పడితే ఆ బూత్ ఇంకొకరి పేరు మీదికి పోతుంది. మళ్ళీ నేను "అయ్యో పాపం" అనే పిల్లనే. డ్రైవరు జీపులోంచి లక్క, కొవ్వొత్తి తెస్తున్నాడు. కాకా మీదికి పోయాను.

"కాకా, నీకు తెలుగు నేర్పింది నేను. ఊళ్ళె అందరికీ అన్నీ చెప్తవు. ఈ ఒక్క మాటకు అర్థమేందని నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు సావధాన్ అయితవని సాహెబ్ చెప్పిండు" అన్నాడు, తల వంచుకుని.

అప్పుడు కుర్చీ వైపు చూశాడు. నా కుర్చీ వైపు, గోడకు ఆనించిన నా చేతికర్ర వైపు. డ్రైవరు కొవ్వొత్తి వెలిగించాడు. కాకా పక్కకు పోయి, కుండలో నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. చెప్పులు విప్పాడు. కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. తర్వాత బాపమ్మ ముందుకు వచ్చి దోసిలి పట్టాడు.

"పెట్టు ఆజీ."

బాపమ్మకు ఆయన ఉపవాసం సంగతి తెలియదు. దోసిలి నిండా పెట్టింది. సాహెబు "అరే, తుఝా ఉపవాస్" అనబోయి ఆగిపోయాడు. కాకా అంతా తిన్నాడు. మెల్లగా, ఒక్క పలుకు కింద పడకుండా, గొంతు పట్టుకుంటుంటే నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాడు. అందరం ఆయన నోటి వంకే చూస్తున్నాం. ఏం చేస్తున్నాడో మాలో నాకూ బాపుకే తెలుసు.

"బెల్లం సరిపోయిందా బిడ్డ?" అంది బాపమ్మ.

"సరిపోయింది ఆజీ" అన్నాడు. సాహెబు వైపు తిరిగి, పేలలేదు అనే మా మాటకు వాళ్ళ తోక తగిలించి, "పేలలా నాహీ సాహెబ్" అన్నాడు.

సాహెబుకు ఆ ముక్క అర్థం కాలేదు గానీ, మనిషి తిని నిలబడి ఉన్నాడు కదా. కొవ్వొత్తి ఆర్పించాడు. జీపు వెళ్ళిపోయింది. బాపు తరవాతి బస్సుకు డబ్బా తీసుకుని పోయాడు.

సాయంత్రం కాకా ఎప్పటిలాగే వచ్చి ఫోన్ గదిలోకి పోయాడు. ఊరి నంబరు కలిపాను. పక్కింటివాళ్ళు పిలుచుకొచ్చినట్టున్నారు, తల్లి గొంతు బయటికే వినపడింది. ఉపవాసం జరిగిందా అని అడిగింది. జరిగిందని చెప్పేస్తాడనుకున్నాను. ఆయన స్థానంలో నేనుంటే అదే చెప్పేదాన్ని.

"లేదమ్మా, తప్పింది" అన్నాడు మరాఠీలో.

ఎందుకురా, ఎవరు పెట్టార్రా అని ఆమె గట్టిగా అడుగుతోంది. కాకా అద్దంలోంచి నన్ను చూశాడు. నా వెనక అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న బాపమ్మను చూశాడు.

"చెప్పడానికి లేదమ్మా" అన్నాడు. "గోపనీయం."

ఆమె ఇంకా అడుగుతూనే ఉంది. ఆయన ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పి ఫోన్ పెట్టేశాడు. బయటికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా చాయ్ బండివాడు, "ఏమంటోంది కాకా మీ ఆయీ?" అని అరిచాడు. ఆ మనిషి దగ్గర ఏ సంగతీ దాచని కాకా, చెయ్యెత్తి, "చక్కెర తక్కువ వెయ్యి" అన్నాడు.